గొట్టంలో గడ్డకట్టే నూనె: అనాసపువ్వు బట్టీ డైరీ

అనాసపువ్వు నుంచి ఆవిరితో నూనె తీయడానికి జనవరి 4న పెట్టిన మొదటి బట్టీ గంటన్నరకే మూసుకుపోయింది. ఆ పొరపాటు మరొకరు చేయకూడదని ఈ డైరీ రాస్తున్నాను. గతంలో నిమ్మగడ్డి నూనె తీసిన అనుభవంతో, ఆవిరిని ఎంత చల్లబరిస్తే అంత మంచిదని నమ్మి, ఆవిరి వెళ్లే రాగి గొట్టపు చుట్టను ఐసు నీళ్ల బకెట్‌లో ముంచాను. అనాసపువ్వు నూనె విషయంలో ఆ నమ్మకమే కొంప ముంచుతుంది. ఈ నూనెకు వాసన ఇచ్చేది ట్రాన్స్-అనెథోల్ (ఇకపై అనెథోల్). నూనెలో 80 నుంచి 90 శాతం దాకా ఉండే ఆ పదార్థం 234 డిగ్రీల దగ్గర మరిగి, సుమారు 21 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఐసు నీళ్లలో ఉన్న గొట్టం దానికి సీసాకు బిగించిన బిరడాతో సమానం. (ఈ డైరీలోని ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో ఉన్నాయి. నా థర్మామీటరు కరిగే ఐసులో 0.3 చూపించింది కాబట్టి ప్రతి కొలత నుంచీ 0.3 తీసేసి రాశాను.)

నేను పెట్టుకున్న పని రెండు భాగాలు. మొదటిది, హైదరాబాద్‌లో కిరాణా కొట్టులో దొరికే అనాసపువ్వు నుంచి ఆవిరి బట్టీతో నూనె తీయడం. రెండవది, ఆ నూనె నుంచి అనెథోల్‌ను స్ఫటికాలుగా వేరు చేసి, గడ్డకట్టే ఉష్ణోగ్రతను బట్టి (మలినాలుంటే అది తగ్గుతుంది) అది ఎంత శుద్ధమో తెలుసుకోవడం. ఇంట్లో ఖరీదైన పరికరాలేవీ లేకుండా ఒక సుగంధ పదార్థం శుద్ధతను నమ్మకంగా కొలవగలిగే అవకాశం అరుదు. అనెథోల్ గది ఉష్ణోగ్రతకు దగ్గరలో గడ్డకట్టడం వల్లనే ఆ వీలు కలిగింది.

సరుకు, పనిముట్లు

సరుకు గురించి ముందుగా ఒక హెచ్చరిక. మన కొట్లలో సోంపు అని అమ్మేది ఫెన్నెల్, అంటే ఫీనిక్యులమ్ వల్గేర్ గింజ. పుస్తకాలలో కనిపించే అసలు అనైస్, అంటే పింపినెల్లా అనైసమ్, తూర్పు మధ్యధరా ప్రాంతపు మొక్క. ఉత్తరాది వర్తకులు దానిని విలాయతీ సౌంఫ్ అంటారు. అనాసపువ్వు ఈ రెండింటికీ చుట్టం కాదు. మొదటి రెండూ జీలకర్ర, ధనియాల కుటుంబానికి చెందిన మొక్కలు కాగా, ఇది దక్షిణ చైనాలోని గ్వాంగ్షీలోనూ, ఉత్తర వియత్నాంలోని లాంగ్ సాన్‌లోనూ పెరిగే ఇల్లీసియం వీరమ్ అనే చెట్టు కాయ. పేరుకు పువ్వే గాని నిజానికి కాయ. అనాసపండుతోనూ దానికి ఏ సంబంధమూ లేదు. మూడు మొక్కలలోనూ వాసన ఇచ్చే ప్రధాన అణువు మాత్రం ఒక్కటే, అనెథోల్.

రెండవ హెచ్చరిక ఇంకా ముఖ్యం. జపాన్‌లో షికిమి అని పిలిచే ఇల్లీసియం అనిసాటమ్ కాయలు చూడటానికి అనాసపువ్వులాగే ఉంటాయి. వాటిలో అనిసాటిన్ అనే విషం ఉంటుంది. అనాసపువ్వు కషాయం తాగిన శిశువులు జబ్బుపడిన కేసుల దృష్ట్యా 2003లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అటువంటి టీలు తాగవద్దని ప్రకటించింది. నేను కొన్న సరుకునంతా పళ్లెంలో పోసి, కాయలు మరీ చిన్నగా ఉన్నవి, కొనలు కొక్కెంలా వంపు తిరిగినవి, సోంపు వాసనకు బదులు కర్పూరం వాసన వచ్చేవి ఉన్నాయేమో అని చూశాను. అనుమానం కలిగించినవి 7 కాయలు, వాటిని పారేశాను. నా కంటి చూపు ప్రయోగశాల పరీక్ష కాదు కనుక ఈ నూనెను నేను నోట్లో వేసుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు.

పనిముట్లు ఇవి:

1. 5 లీటర్ల అల్యూమినియం ప్రెషర్ కుక్కర్. వెయిట్ తీసేసి, ఆ ముక్కుకు గొట్టం బిగించాను. సేఫ్టీ వాల్వును కదపలేదు.
2. 8 మి.మీ. రాగి గొట్టం, 3 మీటర్లు, 7 చుట్లు. ఖరీదు రూ. 1,150.
3. ముక్కుకూ రాగి గొట్టానికీ మధ్య జానెడు సిలికాన్ గొట్టం.
4. 20 లీటర్ల బకెట్, 500 మి.లీ. సెపరేటింగ్ ఫన్నెల్ (నూనెనూ నీళ్లనూ వేరు చేసే కుళాయి గరాటు), 10 మి.లీ. కొలజాడీ, 0.1 గ్రాము వరకు చూపే త్రాసు.
5. 0.1 డిగ్రీ వరకు చూపే డిజిటల్ థర్మామీటరు.

ప్రెషర్ కుక్కర్ అన్నాను గాని, ఇందులో ప్రెషర్ పుట్టకూడదు. ఆవిరి బయటికి పోయే దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి. ఈ వాక్యం విలువ నాకు మొదటి రోజే తెలిసింది.

దశ 1: మూసుకుపోయిన గొట్టం (జనవరి 4)

300 గ్రాముల కాయలను విరవకుండా, అలాగే 2.5 లీటర్ల నీళ్లలో వేసి మరిగించాను. బకెట్‌లో నీళ్లు 6 డిగ్రీల దగ్గర ఉన్నాయి. మొదటి గంట పల్చటి మజ్జిగలా తెల్లని నీరు సన్నని ధారగా వచ్చింది. తరువాత ధార చుక్కలుగా మారింది. గంటన్నర అయ్యేసరికి చుక్కలు కూడా ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే మూత అంచున రబ్బరు రింగు దగ్గర సన్నగా ‘సుయ్’మని శబ్దం మొదలైంది. స్టవ్వు ఆపి, పది నిమిషాలు దూరంగా నిలబడ్డాను. నీళ్లు అయిపోయాయని, లేదా మంట చాలడం లేదని అనుకుని ఆ క్షణంలో మంట పెంచి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

చల్లారిన తరువాత చుట్టను బకెట్‌లో నుంచి పైకి తీసి, దాని మీద వేడినీళ్లు పోశాను. కింది చివర నుంచి మైనం పుల్లలా తెల్లగా ఒక ముక్క జారి, గిన్నెలో పడి, చూస్తుండగానే కరిగి నూనె చుక్క అయింది. అంగుళంన్నర పొడవు ఉంటుంది. ఆ ముక్కను చూసిన తరువాత ఇక వివరణ అవసరం లేకపోయింది.

ఇంతటితో ఆగక ఇంకొక తప్పు చేశాను. గొట్టం లోపల అంటుకున్న నూనె వృథా కాకూడదని 60 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆ కడుగును కూడా నూనె ఉన్న నీళ్లలోనే పోశాను. మొత్తం చిక్కటి పాలలా అయిపోయింది. మూడు రోజులు ఉంచినా తేటపడలేదు. గ్రీకుల ఊజో, తుర్కుల రాకీ, ఫ్రెంచివారి పాస్టిస్ అనే మద్యాలు నీళ్లు పోయగానే తెల్లబడేది ఇందువల్లనే. అనెథోల్ ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది, నీళ్లలో దాదాపు కరగదు. ఆల్కహాల్ ద్రావణంలో ఒక్కసారిగా నీళ్లు ఎక్కువైతే, కలపకుండానే, సబ్బులాంటిదేదీ లేకుండానే, అతి సూక్ష్మమైన చుక్కలుగా విడిపోయి చాలాకాలం అలాగే తేలుతుంది. 2003లో విటాలె, కాట్జ్ అనే శాస్త్రవేత్తలు దీనికి ‘ఊజో ప్రభావం’ అని పేరు పెట్టారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గాని, నూనెను వేరు చేయవలసిన వాడికి అంతకంటే చెడ్డ వార్త లేదు. చివరికి ఉప్పు బాగా వేసి, గోరువెచ్చగా ఉంచితే కొంత పైకి తేలింది.

ఇప్పటివరకు: కాయలు 300 గ్రా., నూనె 4 మి.లీ. (100 గ్రాములకు 1.3 మి.లీ.)

దశ 2: వెచ్చని బకెట్, ఉప్పు నీళ్లు (జనవరి 11)

మార్చినవి:

1. బకెట్‌లో ఐసు లేదు. నీళ్లను 32 నుంచి 36 డిగ్రీల మధ్య ఉంచాను. 38 దాటితే ఒక మగ్గు తీసి ఒక మగ్గు మామూలు నీళ్లు పోశాను.
2. గొట్టం చివర కారే నీటి వేడిని అరగంటకోసారి కొలిచాను. 37 నుంచి 42 మధ్య ఉంది. ఆవిరి బయటికి రాలేదు.
3. కాయలను చేత్తో రెండు మూడు ముక్కలుగా విరిచాను. మొత్తం 400 గ్రాములు.
4. ధార ఆగితే వెంటనే స్టవ్వు ఆపాలని కాగితం మీద రాసి గోడకు అంటించాను.

ఆవిరి నీళ్లుగా మారడానికి ఐసు అవసరం లేదు. 3 మీటర్ల గొట్టానికి 35 డిగ్రీల నీళ్లు చాలు. ఈసారి మూడున్నర గంటలు ధార ఆగలేదు.

అయితే గిన్నెలో మరొక చిక్కు ఎదురైంది. నిమ్మగడ్డి నూనె నీళ్ల మీద చక్కగా తేలి, గీత గీసినట్టు వేరుపడుతుంది. 20 డిగ్రీల దగ్గర అనెథోల్ సాంద్రత 0.988, నీళ్లకూ దానికీ వంద పాళ్లలో ఒకటి రెండు పాళ్ల తేడా మాత్రమే ఉంది. పైకి తేలాలో కిందికి దిగాలో తెలియక చుక్కలు మధ్యలోనే వేలాడాయి. రాత్రి వంటింటి కిటికీ గట్టున పెట్టి, పొద్దున్న చూస్తే (16 డిగ్రీలు) నూనె గడ్డకట్టి, కొన్ని ముద్దలు అడుగున, కొన్ని పైన ఉన్నాయి.

లీటరుకు 100 గ్రాముల ఉప్పు కలిపాను. పది శాతం ఉప్పు నీటి సాంద్రత 1.07 ఉంటుంది. గంటలో అడుగున ఉన్న ముద్దలన్నీ ఒక్కొక్కటిగా పైకి లేచాయి. చల్లటి పొద్దుపూట కాబట్టి ఫన్నెల్‌తో పని లేకుండా, మీగడ తీసినట్టు స్టీలు చెంచాతో తీసి, గోరువెచ్చని నీళ్లలో గిన్నె పెట్టి కరిగించి కొలిచాను. పని ఎలా సాగాలో నాకు అక్కడే స్పష్టమైంది: గొట్టం చివరి వరకు వెచ్చగా ఉండాలి, గిన్నెలో పడిన తరువాత చల్లబడాలి. తరువాతి దశలన్నీ ఈ రెండు మాటల మీదే నడిచాయి.

ఉప్పు ముందుగా కుక్కర్‌లో వేయకూడదా అని ఎవరైనా అడగవచ్చు. అల్యూమినియం పాత్రలో ఉప్పు నీళ్లు గంటల తరబడి మరిగితే పాత్ర పాడవుతుంది. పైగా ఉప్పు ఆవిరితో పాటు రాదు, కావలసిన చోటికి చేరదు.

ఇప్పటివరకు: కాయలు 700 గ్రా., నూనె 15 మి.లీ. (ఈ దఫా 11 మి.లీ.; 100 గ్రాములకు 2.75)

దశ 3: నూనె ఎక్కడ చిక్కుకుంది? (జనవరి 13 నుంచి 25)

మందుల నాణ్యతకు ప్రమాణ గ్రంథమైన యూరోపియన్ ఫార్మకోపియా ప్రకారం మంచి అనాసపువ్వులో 100 గ్రాములకు కనీసం 7 మి.లీ. నూనె ఉండాలి. నాకు వచ్చింది 2.75. ఆవిరి సరిపోవడం లేదా, లేక నూనె కాయలో నుంచి బయటికి రావడం లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి చిన్న లెక్క వేశాను.

నీళ్లూ నూనే కలిసి మరిగేటప్పుడు రెండింటి ఆవిరి పీడనాల మొత్తం గాలి పీడనానికి సమానమైతే చాలు. అందువల్లనే 234 డిగ్రీల దగ్గర మరిగే పదార్థం 100 లోపే నీటి ఆవిరితో పాటు వచ్చేస్తుంది. 100 డిగ్రీల దగ్గర అనెథోల్ ఆవిరి పీడనం పాదరసపు కొలతలో సుమారు 6 మి.మీ.; నీటిది సుమారు 754. అణుభారాలు 148, 18. ఈ నాలుగు అంకెలను గుణించి భాగిస్తే, లీటరు నీటి ఆవిరి గరిష్ఠంగా 60 గ్రాములకు పైగా అనెథోల్‌ను మోయగలదని వస్తుంది. నా బట్టీలో గంటకు 310 మి.లీ. నీరు వస్తోంది, అంటే గంటకు సుమారు 18 గ్రాములు మోయగల ఆవిరి. నాకు మూడున్నర గంటలకు 11 మి.లీ. వచ్చింది. లోపం ఆవిరిలో లేదు. గట్టి కాయ గోడలలోని నూనె తిత్తులు తెరుచుకోకపోవడమే కారణం.

జనవరి 18న 400 గ్రాములను రోట్లో కచ్చాపచ్చాగా, ధనియాల గింజంత ముక్కలయ్యే వరకు దంచి, దంచిన పావుగంటలోపే బట్టీకి ఎక్కించాను. నీళ్లలో ముంచకుండా, అడుగున 2 లీటర్ల నీళ్లు పోసి, ఇడ్లీ స్టాండు కాళ్ల మీద చిల్లుల పళ్లెం, దానిపై పల్చటి గుడ్డ, గుడ్డ మీద సరుకు పెట్టాను. గంట గంటకూ గిన్నె మార్చి నూనెను విడిగా కొలిచాను:

మొదటి గంట: 8.0 మి.లీ.
రెండవ గంట: 5.0 మి.లీ.
మూడవ గంట: 3.5 మి.లీ.
నాలుగవ గంట: 1.8 మి.లీ.
చివరి అరగంట: 0.7 మి.లీ.

మొత్తం 19 మి.లీ. నాలుగు గంటల తరువాత కాల్చే గ్యాస్‌కు వచ్చే నూనె సరిపోదు, అక్కడ ఆపవచ్చు. అయితే ఆఖరి గంట నూనె మొదటి గంట నూనె కంటే కాస్త ఘాటుగా వాసన వేసింది కాబట్టి పూర్తి స్వభావం గల నూనె కావాలనుకునేవారు చివరిదాకా కొనసాగించాలి.

దంచితే ఇంత లాభముంటే మిక్సీలో పొడి చేస్తే ఇంకెంత అన్న ఆశతో జనవరి 20న 400 గ్రాములను మెత్తగా పొడి చేశాను. 13 మి.లీ. మాత్రమే వచ్చింది. తీరిక చేసుకుని కుక్కర్ తెరిచి చూస్తే పొడి పైపైన తడిసి పిండిముద్దలా బిగుసుకుపోయి, మధ్యలో చూపుడువేలు పట్టేంత సొరంగం ఒకటి ఉంది. ఆవిరి అంతా ఆ ఒక్క దారినే పోయింది; చుట్టూ ఉన్న ముద్దను విరిస్తే లోపల పొడిగా, వాసన తగ్గకుండా ఉంది. మిక్సీ వేడికి కొంత నూనె ముందే ఎగిరిపోయింది. ఆ రోజు మా మెట్ల మీద అంతా మసాలా వాసనే. అంచున కొంత పొడి గుడ్డ దాటి కింద పడి, మాడిన వాసన నూనెకు పట్టింది. ఈ 13 మి.లీ.ని వేరే సీసాలో పోసి, ముందుకు కలపలేదు.

జనవరి 25న మరొక కొట్టులో కొన్న 400 గ్రాములను మళ్లీ దంచి పెట్టాను. 21 మి.లీ. వచ్చింది, 100 గ్రాములకు 5.25. ఫార్మకోపియా అంకెను అందుకోలేదు. విడి సరుకులో ఎంత భాగం పాతదో, ఎంత భాగం విరిగి వాసన పోయినదో చూపుతో చెప్పడం కష్టం. నూనె తీసేసిన దినుసులను మంచివాటిలో కలిపి అమ్మడం మసాలా వ్యాపారంలో పాత మోసమే. అందుకని కొనేటప్పుడు ఒక కాయ కాడను గోటితో నొక్కి వాసన చూడాలి. గోటికి జిడ్డు తగలకపోతే ఆ సరుకు బట్టీకి పనికిరాదు.

ఇప్పటివరకు: కాయలు 1,900 గ్రా., నూనె 68 మి.లీ. (అందులో మాడిన 13 మి.లీ. పక్కన పెట్టాను, పనికి వచ్చేది 55 మి.లీ.)

ఒక ఇంటి నష్టం కూడా నమోదు చేయాలి. కుక్కర్ రబ్బరు రింగుకూ సిలికాన్ గొట్టానికీ పట్టిన వాసన సోడా నీళ్లలో మరిగించినా పోలేదు. ఆ కుక్కర్‌లో వండిన పప్పు తిని మా అమ్మ, “ఏరా, పప్పులో ముక్కలు లేని బిర్యానీ వండావా?” అంది. కొత్త రింగు కొని, పాతదానిని బట్టీకే వదిలేశాను. కొత్తగా మొదలుపెట్టేవారు వంట కుక్కర్‌ను అసలు తీసుకోకుండా, పాత సామాన్ల కొట్టులో ఒక కుక్కర్ కొనుక్కోవడం మేలు.

దశ 4: గడ్డకట్టని నూనె, తరువాత మరీ గడ్డకట్టిన నూనె (జనవరి 27 నుంచి ఫిబ్రవరి 8)

ముందుగా నూనెలోని తడిని తీయాలి. ఎప్సమ్ సాల్ట్‌ను ఇనుప మూకుడులో తెల్లని పొడి అయ్యే వరకు వేయించి, చల్లార్చి, నూనెలో చెంచాడు వేసి, రెండు గంటల తరువాత వడగట్టాను. తడి ఉంటే గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గి కనిపిస్తుంది.

తరువాత గడ్డకట్టే ఉష్ణోగ్రతను కొలవబోయి మొదటి రోజు మోసపోయాను. చిన్న గాజు గొట్టంలో 8 మి.లీ. నూనె పోసి, థర్మామీటరు పెట్టి, చల్లని నీళ్లలో ఉంచాను. 17 దాటింది, 15 దాటింది, 12 దాటింది, నూనె తేటగానే ఉంది. 11.2 దగ్గర ‘ఇందులో అనెథోలే లేదేమో’ అన్న అనుమానం వచ్చింది. ఇది అతిశీతలీకరణం. అనెథోల్‌కు స్ఫటికం మొదలవడానికి ఒక విత్తనం కావాలి. అది లేకపోతే గడ్డకట్టవలసిన చోటు దాటి పది డిగ్రీల కిందికి కూడా ద్రవంగానే దిగుతుంది. దశ 1 నాటి తెల్లని ముక్క కరిగిన చుక్కను ఫ్రిజ్‌లో మళ్లీ గడ్డకట్టించి దాచి ఉంచాను. సూది మొనతో దానిని గీరి, ఆ పొడి తగిలిన సూదిని నూనెలో ముంచాను. సూది చుట్టూ తెల్లని ఈకలు పుట్టి, నాలుగైదు సెకన్లలో గొట్టమంతా నిండిపోయాయి. అదే సమయంలో థర్మామీటరు 11.2 నుంచి ఎగబాకి 16.9 దగ్గర నిలబడింది. గడ్డకట్టేటప్పుడు విడుదలయ్యే వేడి అది. రాయవలసిన అంకె ఆ నిలబడిన అంకె మాత్రమే. దిగిన అంకె కాదు.

కొలతకు అనుసరించిన వరుస:

1. నూనెను 30 డిగ్రీల దాకా వేడిచేసి పూర్తిగా కరిగించాలి.
2. 10 డిగ్రీల నీటిలో ఉంచి, 15 దగ్గర విత్తనం వేయాలి.
3. విత్తనం వేయగానే గాజు కడ్డీతో గట్టిగా కలపాలి.
4. ఎక్కి నిలబడిన గరిష్ఠ ఉష్ణోగ్రతను రాయాలి.
5. మూడుసార్లు చేసి సగటు తీయాలి.

వచ్చిన అంకెలు: దశ 1, 2ల నూనె 16.9; జనవరి 18 నూనె 17.4, మాడిన నూనె 15.6, జనవరి 25 నూనె 17.5. అనాసపువ్వు నూనెకు ఫార్మకోపియా చెప్పే హద్దు 15 నుంచి 19 కాబట్టి మాడినది కూడా అంచున నిలబడింది, వాసన మాత్రం నిలబడలేదు.

వేరు చేయడంలో మొదటి ప్రయత్నం విఫలమైంది. దశ 1, 2ల 15 మి.లీ.ని ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే రాయిలా ఒకే దిమ్మ అయింది. వంచితే చుక్క కూడా రాలేదు. అనెథోల్‌తో పాటు ఉండే లిమొనీన్, లినలూల్, ఎస్ట్రగోల్ అన్నీ ఆ దిమ్మ సందులలోనే చిక్కుకున్నాయి. ఎస్ట్రగోల్ పరమాణువుల లెక్కలో అనెథోల్‌తో సరిగ్గా సమానం: 10 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 1 ఆక్సిజన్. అణువులోని కార్బన్ వలయానికి అతికిన తోకలో ఉండే జంట బంధం అనెథోల్‌లో వలయాన్ని ఆనుకుని ఉంటుంది, ఎస్ట్రగోల్‌లో తోక చివరన ఉంటుంది. ఆ ఒక్క తేడాకే అది 216 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఫ్రిజ్ చలికి గడ్డకట్టదు, వాసనలో తీపి తగ్గుతుంది. అనెథోల్ పంచదార కంటే సుమారు 13 రెట్లు తీపి అని లెక్క.

మార్పు: వేగంగా కాకుండా నెమ్మదిగా చల్లబరచడం. పనికి వచ్చే 55 మి.లీ. మొత్తాన్ని కలిపి, తడి తీసి, వడగట్టిన తరువాత 52 గ్రాములు మిగిలాయి. దానిని 25 డిగ్రీల నీళ్లున్న పెద్ద డబ్బాలో పెట్టి, డబ్బాను బాల్కనీలో ఉంచాను. ఫిబ్రవరి మొదటి వారం రాత్రులు. తెల్లవారుజామున బాల్కనీలో 15 డిగ్రీలు. నూనె 17 దగ్గరికి వచ్చినప్పుడు విత్తనం వేశాను. పొద్దున్నకు పలకలు పలకలుగా, అభ్రకం రేకుల్లాంటి స్ఫటికాలు, మధ్యలో పల్చటి పసుపు ద్రవం కనిపించాయి. గుడ్డ వేసిన గరాటులో పోసి, ఎండ రాకముందే, 16 డిగ్రీల లోపునే రెండు గంటలు కారనిచ్చాను. ఇందులో తొందర పనికిరాదు. గుడ్డను చేత్తో పిండాలనిపిస్తుంది, పిండితే అరచేతి వేడికి స్ఫటికాలే కరిగి కారిపోతాయి. నేను ఒక్కసారి నొక్కి గ్రాము పోగొట్టుకున్నాను.

మొదటిసారి: స్ఫటికాలు 40 గ్రా., కారిన ద్రవం 11 గ్రా., నష్టం 1 గ్రా. గడ్డకట్టే ఉష్ణోగ్రత 19.6.
రెండవసారి (ఫిబ్రవరి 8): స్ఫటికాలు 33 గ్రా., కారిన ద్రవం 6 గ్రా., నష్టం 1 గ్రా. గడ్డకట్టే ఉష్ణోగ్రత 20.5.

మూడవసారికి చలి మిగల్లేదు. ఈ పని హైదరాబాద్‌లో చేయదలచుకున్నవారు సంక్రాంతికి అటూ ఇటూగా పెట్టుకోవాలి. ఉగాది నాటికి ఇదే పదార్థం అలమరలో నీళ్లలా ఉంటుంది.

ఇప్పటివరకు: కాయలు 1,900 గ్రా., స్ఫటికాలు 33 గ్రా. ఖర్చు: కాయలు రూ. 1,710, రాగి గొట్టం రూ. 1,150, గ్యాస్ సుమారు రూ. 500, ఉప్పూ ఎప్సమ్ సాల్టూ గుడ్డా రూ. 140, మొత్తం రూ. 3,500. గ్రాముకు రూ. 106 పడింది. లాభం కోసం ఈ పని చేయాలనుకునేవారు ఈ పేరా దగ్గరే ఆగిపోవచ్చు.

పక్కదారి: సోంపు, కుక్కర్ అడుగు నీళ్లు

పోలిక కోసం 500 గ్రాముల సోంపును అదే పద్ధతిలో నాలుగు గంటలు పెట్టాను. 7 మి.లీ. వచ్చింది. అందులో అనెథోల్‌తో పాటు ఫెంకోన్ ఉంటుంది. వాసనలో కర్పూరపు చలువ, నాలుక మీద చేదు దానివే. విత్తనం వేసినా 6.5 డిగ్రీల దగ్గరికి వచ్చే వరకు గడ్డకట్టలేదు. సోంపు నుంచి శుద్ధమైన అనెథోల్ తీయడం ఈ పద్ధతికి అందదు. కాని గొట్టం మూసుకుపోయే భయం కూడా దీనితో లేదు కాబట్టి బట్టీ నేర్చుకునేవారు సోంపుతో మొదలుపెట్టడమే క్షేమం.

రెండవ పక్కదారి షికిమిక్ ఆమ్లం. రసాయన శాస్త్రవేత్త ఐక్‌మన్ 1885లో షికిమి కాయల నుంచి వేరు చేసినందువల్ల దానికి ఆ పేరు వచ్చింది. అనాసపువ్వులోనూ ఇది పుష్కలంగా ఉంటుంది. ఫ్లూ మందు ఒసెల్టమివిర్ తయారీకి ఇదే మూలపదార్థం కావడం వల్ల 2005లో బర్డ్ ఫ్లూ భయం పుట్టినప్పుడు ప్రపంచమంతా అనాసపువ్వు కోసం ఎగబడింది. ఇది ఆవిరితో రాదు, నీళ్లలో కరుగుతుంది. అంటే కాయలను ముంచి మరిగించిన నా దశ 2 కుక్కర్‌లో అడుగున మిగిలిన నీళ్లలోనే ఉండాలి. టాస్మానియా విశ్వవిద్యాలయం వారు 2015లో ఎస్ప్రెసో కాఫీ యంత్రంతో అనాసపువ్వు నుంచి దీనిని తీసి చూపించారు. నేను 1.2 లీటర్ల గోధుమరంగు నీళ్లను ఇగరబెట్టాను. చక్కెరలూ టానిన్లూ కలిసి బెల్లం పాకంలా నల్లగా ముద్దకట్టింది, స్ఫటికం ఒక్కటీ రాలేదు. మూకుడు తోమడానికి గంట పట్టింది. శుద్ధి చేసే ఉపాయం లేకుండా ఇగరబెట్టడం వృథా ప్రయాస.

దశ 5: నిలవ (మార్చి 22)

33 గ్రాములను మూడు సీసాలలో సమానంగా పోశాను. ఒకటి గోధుమరంగు సీసా, మెడ దాకా నింపి ఫ్రిజ్‌లో పెట్టాను. ఒకటి గోధుమరంగు సీసా, సగం ఖాళీగా అలమరలో ఉంచాను. ఒకటి తెల్లని గాజు సీసా, సగం ఖాళీగా, కిటికీ దగ్గర పెట్టాను. ఆరు వారాల తరువాత మూడింటినీ కొలిచాను.

కొలిచేటప్పుడు ఫ్రిజ్ సీసాతో ఒక తప్పు జరిగింది. బయట కాసేపు ఉంచితే సగం కరిగింది. ఆ కరిగిన భాగాన్ని వంచుకుని కొలిస్తే 19.1 వచ్చింది, నిలవలో పాడైందని కంగారుపడ్డాను. ముందుగా కరిగేది ఎప్పుడూ మలినాలు ఎక్కువ ఉన్న భాగమే. సీసా మొత్తాన్ని 35 డిగ్రీల నీళ్లలో పెట్టి, పూర్తిగా కరిగించి, కుదిపి, మళ్లీ తీస్తే 20.5. ఇటువంటి నూనెలను వాడే ముందు మొత్తం కరిగించి కలపాలని ఫార్మసీ పుస్తకాలు ఎందుకు పట్టుబడతాయో అప్పుడు అర్థమైంది.

ఫ్రిజ్ సీసా: 20.5, మార్పు లేదు.
అలమర సీసా: 20.2.
కిటికీ సీసా: 18.7. రంగు లేత పసుపు.

కిటికీ సీసా మూత తీస్తే సోంపు వాసన వెనుక, వెనిల్లాను గుర్తుచేసే మరొక తీపి వాసన ముందుకు వచ్చింది. గాలీ వెలుతురూ తగిలితే అనెథోల్ తోకలోని జంట బంధం తెగి అనిసాల్డిహైడ్ అవుతుంది; ఆ వాసన దానిదే. వెలుతురు వల్ల ట్రాన్స్ రూపం కొంత సిస్ రూపంగా (అవే పరమాణువులు, అమరిక వేరు) కూడా మారుతుంది. సిస్ రూపానికి విషగుణం ఎక్కువ. అందుకని ఆ 11 గ్రాములను సబ్బులో కలపాలన్న ఆలోచన మానుకున్నాను.

సబ్బుకు అలమర సీసా నుంచి 5 గ్రాములు తీశాను. మిగిలినవి: ఫ్రిజ్‌లో 11 గ్రా., అలమరలో 6 గ్రా. పక్కన పెట్టిన కిటికీ సీసా మూత బిగించి, నల్ల కాగితం చుట్టి, దాని మీద ‘18.7, మార్చి 22’ అని రాశాను. జూన్‌లో మళ్లీ కొలుస్తాను.